వెలుతురు రంగులు, సిరా రంగులు

రంగులను గురించి రేడియోలో ప్రసంగించడం కొంత సాహసమే. కంటికి చూపించవలసినదానిని చెవికి చెప్పవలసి వస్తున్నది. అయినప్పటికీ నేను చెప్పబోయే సంగతి మీ ఇండ్లలో నిత్యమూ జరుగుతున్నదే. మీ చేతిలోని ఫోనునూ గోడమీది క్యాలెండరునూ పక్కపక్కన ఉంచి ఒకసారి చూడండి. నా పని సగం తీరినట్లే.

గడచిన మాఘమాసంలో నంద్యాలలో మా అన్నగారి అమ్మాయి వివాహం జరిగినది. శుభలేఖమీద వధూవరుల ఛాయాచిత్రం వేయించడం ఇప్పటి ఆచారం గదా! నిశ్చితార్థమైన మరునాడు పిల్లలిద్దరూ మహానందికి వెళ్ళి కోనేటి గట్టున ఫోటో తీయించుకొన్నారు. అమ్మాయి నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకొన్నది. వెనుక మహానంది నీరు. ఆ నీటిని చూచినవారికి నేను వర్ణించి చెప్పనక్కరలేదు. అడుగున పడిన నాణెం సైతం స్పష్టంగా కనిపించే నీరు అది. ఫోనులో ఆ బొమ్మ లోపల దీపం పెట్టినట్లు వెలిగిపోయినది. ఇంటిల్లిపాదీ చూచి మురిసిపోయి, ఐదువందల శుభలేఖలకు పురమాయించాము.

కట్టలు ఇంటికి వచ్చిన సాయంత్రం ఎవరి నోటా మాట లేదు. నెమలికంఠం చీర నాచుపట్టిన గుడ్డవలె ఉన్నది. కోనేరు వానాకాలపు కుంటను తలపిస్తున్నది. అమ్మాయి ఒక కార్డు చేతిలోకి తీసుకొని, "చిన్నాయనా, ఇది నా చీర కాదు" అన్నది. మా అన్నగారికి కోపం వచ్చి, అచ్చువేసినవారికి మిగిలిన సొమ్ము ఇచ్చేది లేదని ఫోనులోనే చెప్పివేశారు. రాజీ కుదర్చడానికి నేను బయలుదేరాను.

ఆ ముద్రాపకుడు నాతో వాదానికి దిగలేదు. తన కంప్యూటరు తెరను నావైపు త్రిప్పి మేము పంపిన బొమ్మను చూపించాడు. అక్కడా అది వెలుగుతూనే ఉన్నది. ప్రక్కన కార్డు పెట్టి, "సార్, మీరు పంపినది వెలుతురు. నా దగ్గర ఉండేది సిరా. ఒక కార్డు వేసి చూపిస్తానంటే, టైము లేదు, వేసెయ్యమన్నారు మీరే" అన్నాడు. ఆ మాట నిజమే. నమూనా చూడకుండా పని ఇచ్చినది మేము. విశ్వవిద్యాలయ పట్టా పుచ్చుకొని ఇన్నేళ్ళయినా నాకు తెలియని పాఠం ఆ రెండు ముక్కలలో ఉన్నది. నేటి నా ప్రసంగం ఆ రెండు ముక్కలకు వ్యాఖ్యానమే.

ఫోనుతెరను గాని, టెలివిజన్ తెరను గాని భూతద్దంతో చూస్తే అతి సూక్ష్మమైన దీపాలు బారులు తీరి ఉంటాయి. అవి మూడే రంగులవి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఈ మూడింటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిపి ఆర్జీబీ అంటున్నారు. మూడు దీపాలూ ఆరితే నలుపు. మూడూ పూర్తిగా వెలిగితే తెలుపు. ఎరుపు, ఆకుపచ్చ కలసి వెలిగితే పసుపు. మొదటిసారి విన్నవారికి ఇది వింతగా తోస్తుంది. సాధారణమైన బొమ్మలో ఒక్కొక్క దీపానికి సున్న మొదలు 255 వరకు 256 మెట్లు ఉంటాయి. మూడింటినీ గుణిస్తే 1,67,77,216 రంగులు. మూడు దీపాలతో సమస్త వర్ణాలనూ పుట్టించవచ్చునని లోకానికి చూపినవాడు స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్. 1861లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో, మూడు రంగుల వడపోతలగుండా తీసిన మూడు ఛాయాచిత్రాలను ఒకదానిపై ఒకటి పడేటట్లు తెరమీద ప్రసరింపజేసి, రంగుల నాడాముడి ఒకటి చూపించాడు. నేడు మన జేబులోని ఫోను చేస్తున్నదీ అదే పని.

కాగితం సంగతి వేరు. కాగితానికి స్వయంప్రకాశం లేదు. దానిపై పడిన వెలుతురును తిరిగి పంపడమే దాని పని. సిరా ఏమి చేస్తుంది? ఆ వెలుతురులో కొంత భాగాన్ని మింగివేస్తుంది. సయాన్ అనే లేతనీలపు సిరా ఎరుపును మింగుతుంది. మజెంటా అనే గులాబీ ఊదా సిరా ఆకుపచ్చను మింగుతుంది. పసుపు సిరా నీలాన్ని మింగుతుంది. మిగిలినదే మన కంటికి వస్తుంది. కనుక తెరమీద రంగులు కలిపినకొద్దీ వెలుగు హెచ్చుతుంది, కాగితంమీద కలిపినకొద్దీ తగ్గుతుంది. ఈ భేదాన్ని మాక్స్‌వెల్ కంటె చాలా ముందే గ్రహించిన ముద్రాపకుడు ఒకడున్నాడు. 1667లో ఫ్రాంక్‌ఫర్టులో పుట్టిన జేకబ్ క్రిస్టాఫ్ లె బ్లాన్. కొద్దిపాటి రంగు పలకలతో నిండు వర్ణచిత్రం అచ్చువేసే పద్ధతికి 1719లో ఇంగ్లండులో హక్కుపత్రం పొందాడు. కంటికి మాత్రమే అందే కాంతి రంగులు కలిస్తే తెలుపు వస్తుందనీ, చేతికి అందే పదార్థపు రంగులు కలిస్తే నలుపు వస్తుందనీ ఆయన తన పుస్తకంలో విడదీసి చెప్పాడు. మా ముద్రాపకుడు లె బ్లాన్ పేరు విని ఉండడు గాని, చెప్పినది ఆ మాటే.

సిద్ధాంతంలో మూడు సిరాలు చాలు. ఆచరణలో చాలవు. మూడూ కలిస్తే వచ్చేది నలుపు కాదు, బురదవంటి గోధుమ నలుపు. పైగా చిన్న అక్షరాన్ని మూడు సిరాలతో వేస్తే, ఒక పలక వెంట్రుకవాసి జరిగినా అక్షరానికి రంగుల అంచు పుడుతుంది. కాగితం తడిసిపోతుంది, సిరా ఖర్చు పెరుగుతుంది. అందువల్ల నాలుగవదిగా నలుపును చేర్చారు. ఇంగ్లీషులో దానిని కీ పలక అనేవారు కాబట్టి, నాలుగు సిరాల పద్ధతికి సీఎంవైకే అని పేరు వచ్చినది. మన పాత ఇండ్లలోని రవివర్మ లక్ష్మీ సరస్వతుల పటాలు ఈ నాలుగు సిరాల పద్ధతిలో అచ్చయినవి కావు. ఆయన 1894లో స్థాపించిన ముద్రణాలయంలో రంగుకొక సున్నపురాయి పలక చొప్పున, ఎన్నో రాళ్ళతో ఒక్క పటాన్ని అచ్చువేసేవారు. ఆ పటాలలోని నిండుదనానికి కారణం కొంత అక్కడ ఉన్నది.

నాలుగు సిరాలతో కాగితంమీద సాధించగల రంగుల మేర, తెరమీది మేరకంటె మొత్తంమీద తక్కువ. అందులోనూ అన్ని రంగులకూ నష్టం సమానంగా ఉండదు. మన ప్రాంతపు వస్తువులనే ఉదాహరణగా తీసుకొందాం. బనగానపల్లె మామిడిపండు పసుపు కాగితంమీదికి చక్కగా వస్తుంది, ఎందుకంటే పసుపు సిరా స్వయంగా ప్రకాశవంతమైనది. పసుపుకొమ్ము, కుంకుమ ఎరుపు కూడా ఇంచుమించు నిలుస్తాయి. నల్లమల అడవిలో తొలకరికి వచ్చే లేత చిగురు ఆకుపచ్చ మాత్రం ముదురుతుంది. కనకాంబరాల నారింజ వాడిపోతుంది. తెరమీది నిండు నీలం ఊదావైపు జారుతుంది. నెమలికంఠం రంగుకూ, మహానంది నీటికీ పట్టిన గతి ఇదే. ఆశ్చర్యమేమంటే, శుద్ధమైన సయాన్ సిరా కాగితంమీద చూపే రంగును సాధారణమైన తెర సరిగా చూపలేదు. పేదరికం ఒకవైపే లేదు.

ఈ పాఠం నేర్చుకొన్న కొద్దిరోజులకే దానిని ప్రయోగించే అవసరం కలిగినది. నంద్యాలనుంచి కడప దారిలో సుమారు 40 కిలోమీటర్లు వెళితే ఆళ్ళగడ్డ వస్తుంది. అహోబిల యాత్రకు వెళ్ళేవారు ఆ ఊరి మీదుగానే వెళతారు. అక్కడి శిల్పుల పనితనం మీకు కొత్తగా చెప్పవలసినది కాదు. సగం చెక్కిన ఆంజనేయుడూ, ముఖం తీర్చని అమ్మవారూ, పక్కనే ఎవరో నాయకుని నిలువెత్తు విగ్రహమూ దారి ప్రక్కన కొలువుదీరి ఉంటాయి. సుత్తి, ఉలి శబ్దం వినిపించని వేళ తక్కువ. ఒక కార్యక్రమం ధ్వనిముద్రణకు నేను అక్కడికి వెళ్ళినప్పుడు, నడివయస్సు శిల్పి ఒకాయన ముఖాముఖి పూర్తయిన తరువాత లోపలికి వెళ్ళి ఒక రంగుల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. తాను చేసిన విగ్రహాల ఛాయాచిత్రాలతో అచ్చువేయించుకొన్న పన్నెండు పేజీల పుస్తకం.

"రాయి నల్లది సార్. కాయితం మీద చూడండి, నేరేడుపండు రంగు తిరిగింది. ఈ పేజీలో చూస్తే బెల్లం రంగు. ఒకటే రాయి, ఒకటే బండ" అన్నాడు.

దూరపు ఊళ్ళనుంచి ఆలయ ధర్మకర్తలు వచ్చి విగ్రహం చూచి బయానా ఇచ్చే పద్ధతి పూర్తిగా పోలేదు గాని, ఇప్పుడు సగం బేరాలు బొమ్మలు చూచి ఫోనుమీద కుదురుతున్నవట. విగ్రహం చీరవంటిది కాదు, నచ్చలేదని త్రిప్పి పంపడానికి. కొలతలు ఇచ్చి, ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టుకొని, నెలల తరబడి చెక్కించిన తరువాత, "బొమ్మలో ఉన్న రంగు వేరు" అని ఒక్కమాట అంటే ఆ శిల్పి ఏమి కావాలి? అట్టి మాట ఒకసారి తనకు ఎదురైనదనీ, పుచ్చుకోవలసిన సొమ్ములో కొంత వదులుకొన్నాననీ అతడు చెప్పాడు. పెళ్ళికార్డు విషయంలో మాకు కలిగినది మనస్తాపం. ఇక్కడ పోయినది కూలి.

నల్లరాయి కాగితంమీద ఎందుకు రంగు తిరుగుతుంది? ఛాయాచిత్రాన్ని నాలుగు సిరాలలోకి మార్చినప్పుడు, నలుపునూ బూడిదరంగునూ కంప్యూటరు ఒక్క నల్లసిరాతో కట్టదు. సయాన్, మజెంటా, పసుపులను కూడా కలిపి కడుతుంది. మూడూ సమపాళ్ళలో ఉంటే తటస్థమైన బూడిదరంగు వస్తుందనుకొంటాము. రాదు. సయాన్ సగం పాలు ఉంటే మిగిలిన రెండూ నూటికి 40 చొప్పున ఉండాలి, సుమారుగా. సిరాల స్వభావం అటువంటిది. అచ్చు నడుస్తూ ఉండగా ఆ తూకం ఏమాత్రం తప్పినా, పూవు ఫోటోలో ఎవరికీ తెలియదు, పచ్చని పొలంలో అసలే తెలియదు, కాని బూడిదరంగు వస్తువులో వెంటనే కంటికి కొడుతుంది. మజెంటా కొంచెం ఎక్కువ పడితే నేరేడు. పసుపు ఎక్కువ పడితే బెల్లం. శిల్పి పుస్తకంలో జరిగినది ఇదే. అతనిది నల్లరాయి కావడమే అతని దురదృష్టం.

దానికి నేను సూచించిన ఉపాయం చాలా సులభమైనది. కంప్యూటరు పని చేసే పిల్లవాడు, రంగుల పుస్తకం అడిగితే నలుపు తెలుపు చేయమంటారేమిటని మొదట ఆశ్చర్యపడ్డాడు. కాని రాతిబొమ్మలో రంగు ఎక్కడున్నది? ఉన్నది వెలుగునీడలు. కనుక విగ్రహం వెనుక ఉన్న పందిరినీ, గోడనూ తీసివేసి, రాతిని మాత్రం గ్రేస్కేల్ అనే ఒక్క నలుపు బొమ్మగా మార్చి, నల్లసిరాతోనే అచ్చువేయడం. అప్పుడు రంగు తిరిగే ప్రశ్నే లేదు, తిరగడానికి వేరే రంగు లేదు గనుక. ఒక లోపం ఉన్నది. ఒక్క నల్లసిరా నిండుగా వేసినా కాగితంమీద కొంచెం వెలసినట్లే ఉంటుంది, నల్లరాతి గాంభీర్యం రాదు. నల్లని పెద్ద నేలభాగాలకు ముద్రాపకులు నలుపు క్రింద కొంత సయాన్ చేర్చి బలం ఇస్తారు. విగ్రహం వెనుక నల్లని నేపథ్యం కావాలంటే అక్కడ ఆ మిశ్రమం వాడవచ్చును. విగ్రహంమీద వద్దు. అక్షరాలకు అసలే వద్దు, అవి ఎప్పుడూ ఒక్క నలుపుతోనే పడాలి.

నాలుగు సిరాలూ నూటికి నూరు చొప్పున వేస్తే మొత్తం 400 అవుతుంది గదా, అంత నల్లగా వేయరాదా అని మీలో ఎవరైనా అడగవచ్చు. కాగితం తాగలేదు. నున్నని ఆర్టు పేపరు సుమారు 300 వరకు భరిస్తుంది. వార్తాపత్రిక కాగితం దాదాపు 240తో సరి. అంతకు మించితే ఆరదు, వెనుక పేజీకి అంటుతుంది. దేవాలయాలవారు తేలికరకం కాగితంమీద వేయించే కరపత్రాలలో మూలవిరాట్టు ముఖం మసిబొగ్గుగా మారడానికి ఈ అతిసిరాయే ఒక కారణం.

ఇదంతా కాగితం మాట. ఫోనుమీద పంపే బొమ్మకు శిల్పి చేయవలసినది దీనికి విరుద్ధం: అక్కడ ఆర్జీబీనే ఉంచాలి, సీఎంవైకే పనికిరాదు. సిరా లెక్కలో భద్రపరచిన బొమ్మను ఫోనులో తెరిస్తే, కొన్నిచోట్ల రంగులు విపరీతంగా కనిపిస్తాయి, కొన్నిచోట్ల బొమ్మే తెరుచుకోదు. ఆర్జీబీలోనూ రకాలున్నవి. 1996లో రెండు అమెరికా సంస్థలు కలసి ప్రతిపాదించిన ఎస్ఆర్జీబీ అనేది అందరి తెరలకూ ఇంచుమించు సరిపోయే రకం. 1998లో వచ్చిన అడోబీ ఆర్జీబీ అంతకంటె విశాలమైనది గాని, ఆ లెక్క తెలియని తెరమీద వెలవెలపోతుంది. ఎవరి ఫోను ఎటువంటిదో తెలియనప్పుడు ఎస్ఆర్జీబీయే క్షేమం.

రంగుల లెక్క ఎంత సరిచూచినా తీసేటప్పుడే పొరపాటు జరిగితే ఎవరూ దిద్దలేరు. చెట్టునీడలో తీసిన రాయి నీలంగా పడుతుంది, సాయంకాలపు ఎండలో తీసినది ఎర్రబడుతుంది. శిల్పులకు ఇంకొక అలవాటు ఉన్నది. ఫోటో తీసేముందు విగ్రహానికి నూనె పూస్తారు. పొడిరాయి బూడిదగా ఉంటుంది, నూనె తగలగానే కాటుకవలె నిగనిగలాడుతుంది. అది మోసం కాదు, నిత్యం తైలాభిషేకం జరిగే మూర్తి చివరకు అట్లాగే ఉంటుంది. కాని కొనేవారికి ఆ సంగతి తెలియాలి. పొడిరాతి బొమ్మ ఒకటి, నూనె రాసిన బొమ్మ ఒకటి, రెండూ పంపమని ఆ శిల్పికి చెప్పాను. "రెండూ పంపితే తగాదా ఉండదు" అని అతడే అన్నాడు.

ఇక మూలచిత్రాన్ని గురించి. ఫోనులో గాని కెమెరాలో గాని పుట్టిన బొమ్మ వెలుతురు లెక్కలోనే పుడుతుంది. ఆ మూలాన్ని చెరపకుండా దాచుకోవాలి. అచ్చుకు పంపవలసి వచ్చినప్పుడు దాని నకలు తీసి, ఆ నకలును మాత్రమే సిరా లెక్కలోకి మార్చాలి, అదీ అన్ని దిద్దుబాట్లూ ముగిసిన తరువాత చివరి పనిగా. ఒకసారి సిరా లెక్కలోకి మార్చితే మేర దాటిన రంగులు నశిస్తాయి. మళ్ళీ వెలుతురు లెక్కలోకి త్రిప్పినంత మాత్రాన అవి తిరిగి రావు. పాలు తోడుపెట్టిన తరువాత మళ్ళీ పాలు కావాలంటే ఎట్లా? మార్చేముందు అచ్చువేసేవారిని, ఏ కాగితం, ఏ యంత్రం, ఏ రంగుల కొలమానం అని అడగడం మంచిది. ఒక్కొక్కరు, "మీరు మార్చవద్దు, ఆర్జీబీలోనే ఇవ్వండి, మేము మార్చుకొంటాము" అంటారు. అట్లా అంటే వారి మాటే వినవలెను, వారి యంత్రం వారికి తెలుసు.

అచ్చు అంటే ఎప్పుడూ సీఎంవైకే అనుకోవడమూ పొరపాటే. పెళ్ళి ఆల్బమ్ ఉన్నది. స్టూడియోవారు పేజీలు తయారుచేసి కలర్ ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ ఫోటో కాగితంమీద సిరా పడదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతి కిరణాలతోనే బొమ్మను ఆ కాగితంమీద రాసి, పిదప రసాయనాలలో కడుగుతారు. అటువంటి ల్యాబ్‌కు ఎస్ఆర్జీబీ బొమ్మే ఇవ్వాలి. మా ఇంట్లో ఆల్బమ్ వచ్చినప్పుడు నెమలికంఠం చీర దాదాపు తన రంగులోనే కనిపించినది. శుభలేఖ చూచి ఏడ్చిన అమ్మాయి ఆల్బమ్ చూచి నవ్వినది. మా వదినగారు మాత్రం, "ఆ ల్యాబ్‌వాళ్ళకే కార్డులు కూడా ఇచ్చుంటే పోయేది" అన్నారు. ఐదువందల కార్డులు ఫోటో కాగితంమీద వేయిస్తే ఎంత ఖర్చయ్యేదో అన్నగారి ఎదుట నేను లెక్కకట్టలేదు.

శుభలేఖ ప్రస్తావన వచ్చినది కాబట్టి బంగారురంగు సంగతి. తెరమీద బంగారంగా మెరిసే అక్షరం నాలుగు సిరాలలో ఆవపిండి రంగుగా దిగుతుంది. లోహపు మెరుపు సిరాల కలయికలో పుట్టదు. దానికి ప్రత్యేకమైన బంగారు సిరా గాని, వేడిచేసి అద్దే రేకు గాని కావలసినదే. ఖర్చు వేరు.

రంగుల లెక్క తరువాత, బొమ్మను ఏ రూపంలో భద్రపరచాలన్నది రెండవ ప్రశ్న. మనకు సర్వసాధారణమైనది జేపెగ్, 1992లో ప్రమాణంగా వెలువడినది. బొమ్మను చిన్నది చేయడానికి, కన్ను అంతగా గమనించని వివరాలను ఇది పారవేస్తుంది. ఒకసారి చేస్తే పరవాలేదు. దిద్దిన ప్రతిసారీ మళ్ళీ జేపెగ్‌గానే భద్రపరుస్తూ పోతే, బొమ్మ ఉతికిన కొద్దీ పలుచబడే గుడ్డవలె అవుతుంది. పీఎన్‌జీ ఏమీ పారవేయదు, పారదర్శకమైన నేపథ్యాన్ని నిలుపుతుంది, దుకాణపు గుర్తులకూ అక్షరాలకూ మేలు. కాని అది తెరకోసం పుట్టినది, సిరా లెక్క దానిలో ఇమడదు. టిఫ్ అనే రూపం రెండు లెక్కలకూ సరిపోతుంది, నాణ్యత పోదు, బరువు మాత్రం ఎక్కువ. పూర్తిచేసిన పేజీని ముద్రణాలయానికి పంపేటప్పుడు పీడీఎఫ్ శ్రేష్ఠం, అక్షరాలు చెదరవు.

అంతకంటె పెద్ద ప్రమాదం బొమ్మ ప్రయాణంలో ఉన్నది. ఫోనునుంచి ఫోనుకు ఫోటోగా పంపినప్పుడు, వాట్సాప్ వంటి సాధనాలు దానిని కుదించి పంపుతాయి. తెరమీద ఆ తేడా తెలియదు. అచ్చులో తెలుస్తుంది. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలని ముద్రాపకుల లెక్క. ఏ4 కాగితం నిండా బొమ్మ రావాలంటే అడ్డంగా 2,480, నిలువుగా 3,508 చుక్కలుండాలి. 1,600 చుక్కల పొడవున్న బొమ్మ అయిదంగుళాలకు పైన కొంచెం వరకే నిలుస్తుంది. దానిని సాగదీస్తే విగ్రహం కనుబొమ్మ మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. అదే బొమ్మను ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపితే కుదింపు జరగదు. ఈ ఒక్క కిటుకు తెలియక పాడైన పనులు ఎన్నో! మా శుభలేఖకు రంగు ఒక్కటే కాక ఈ దోషమూ పట్టినదని తరువాత తెలిసినది.

కూడళ్ళలోని ఫ్లెక్సులకు ఇంత పట్టింపు లేదు. వాటిని వీధి ఆవలినుంచి చూస్తాము, అంగుళానికి డెబ్బై, నూరు చుక్కలున్నా చాలు. వాటికీ సిరాలే గనుక, తెరమీది చిలకపచ్చ అక్కడ కొంత మాడుతుంది. నాయకుల ముఖాలు ఎండకు వెలసి నీలంగా మిగలడం మీరు చూచే ఉంటారు. అది మరొక కథ.

శిల్పి రెండవసారి పుస్తకం అచ్చువేయించినప్పుడు నన్ను రమ్మని కబురుపెట్టాడు. ఈసారి ముందుగా ఒక పేజీ నమూనా వేయించాడు, అసలు పుస్తకానికి వాడబోయే కాగితంమీదనే. దానిని దుకాణంలోని ట్యూబులైటు క్రింద కాక బయటికి తెచ్చి, పగటి వెలుతురులో, పని జరుగుతున్న లక్ష్మీనరసింహుని విగ్రహం ఒడిలో పెట్టాడు. చాలాసేపు కాగితాన్నీ రాతినీ మార్చిమార్చి చూచాడు. కాగితం కొంచెం తేలికగానే ఉన్నది. రంగు మాత్రం తిరగలేదు. "రాయిలాగా ఉంది" అని, జేబులోనుంచి పెన్సిలు తీసి నమూనా మూలన సంతకం పెట్టి, అచ్చుకు ఇమ్మని పిల్లవాణ్ణి పంపాడు. నేను నంద్యాలకు తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఆగి మా అన్నగారు బాకీపెట్టిన సొమ్ము ముద్రాపకునికి చెల్లించాను. మా అన్నగారే ఇచ్చి పంపారు.